పాకం ముదిరిన రోజు

నా చిన్నప్పుడు బందరులో మా వీధి కబుర్లన్నీ పాలు పోసే పెద్దమ్మే మోసుకొచ్చేది. మా తమ్ముడు బస్టాండు దగ్గర పెద్ద కుర్రాళ్లతో చేరి బీడీలు కాలుస్తున్నాడన్న సంగతి కూడా మొదట ఆమే తెచ్చింది. "మీవాడు పొగబండి అయిపోయాడమ్మా" అని చెప్పి, పాలు కొలిచి పోసి వెళ్లిపోయింది. అమ్మ పాలచెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మా నాన్న గుడివాడలో వేరే కాపురం పెట్టి మా గడప తొక్కడం మానేశారు. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నేను, నా తర్వాత వాడు. నన్ను బడికి పంపలేదు. అమ్మమ్మే పక్కన కూర్చోబెట్టుకుని భజన పాటలు చూపిస్తూ అక్షరాలు నేర్పింది. ఆ ఋణం ఈ జన్మకు తీరదు. వాడికి బడి ఉంది కానీ బడికి వాడు లేడు. ఏం చెప్పినా "మీ ఆడవాళ్లకేం తెలుసు" అనేవాడు. అన్నం పెట్టే చేతుల్ని పట్టుకుని అలా అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి అమ్మమ్మ విసిగిపోయి, వాణ్ణి లారీ క్లీనరుగా పంపేస్తానంది. అలా లారీలెక్కి వెళ్లిన పిల్లలు మళ్లీ ఇంటిముఖం చూసింది తక్కువ. అమ్మ ఏడుస్తూనే తలూపింది.

పక్కింటి మావయ్య ఇంట్లో తొక్కుడు లడ్డు చేసి కొట్లకు వేసేవారు. శనగపిండి పూస వేయించి, రోట్లో మెత్తగా దంచి, బెల్లప్పాకం పోసి మళ్లీ దంచాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు రోకలి వెయ్యాలి. ఆయనతో దంచే మనిషి మానేశాడట. పిట్టగోడ మీంచి తొంగిచూసి అమ్మమ్మతో, "పిన్నిగారూ, ఆ లారీ సంగతి కాస్త ఆపండి. నాకో రోకలి మనిషి కావాలి" అన్నారు.

తమ్ముడు కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. కోపమంతా రోకలికెక్కించి వేసేవాడు. రెండు రోకళ్లూ ఠక్కున తగిలి ఇద్దరి చేతులూ జివ్వుమనేవి.

"రోట్లోకి చూస్తావేంరా? నా చెయ్యి చూడు. నాది లేస్తే నీది దిగాలి."

"చూస్తూనే ఉన్నా కదా!"

"చూస్తే నా వేళ్లు ఇలా ఎందుకు వాస్తాయిరా?"

ఆయనేమీ శాంతమూర్తి కాదు. పొద్దస్తమానం సణుగుతూనే ఉండేవారు. ఇంత చిరాకు మనిషి వీణ్ణేం దారిలో పెడతారులే అని గోడకివతల నేనూ విసుక్కునేదాన్ని.

ఒకరోజు పాకం చూస్తూ ఉండమని వాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఆయన లోపలికి వెళ్లారు. వీధిలో ఈల వినబడింది. బస్టాండు కుర్రాళ్లు. వీడు వెళ్లి కబుర్లాడి వచ్చేసరికి పాకం ముదిరిపోయింది. అది కప్పిపుచ్చుకోవడానికి గబగబా రోట్లో కుమ్మరించి దంచేశాడు. కాసేపట్లో అంతా రాయిలా బిగుసుకుపోయి, రోకలి అందులో నిటారుగా నిలబడిపోయింది. మావయ్య వచ్చి లాగారు. రాలేదు.

"శివలింగంలా ప్రతిష్ఠించావు కదరా! ఇక అభిషేకమొక్కటే తక్కువ."

వాడు మొహం ఎర్రగా చేసుకుని బస్టాండుకు పరుగెత్తాడు. "ఇక చాలు, రేపే లారీ ఎక్కించేస్తాను" అంది అమ్మమ్మ.

మావయ్య మోచేతుల దాకా పిండితో అలాగే బస్టాండుకు నడిచారు. అమ్మ ఆయన వెనకే నన్ను పంపింది. "ఒరే లడ్డూ, మీ మేస్త్రీ వచ్చాడ్రా!" అని ఆ కుర్రాళ్లు వెక్కిరించారు. తమ్ముడు తల తిప్పుకున్నాడు.

"ఆ రోకలి ఊడబెరకాలంటే ఇంకో మనిషి కావాలిరా. నడు" అన్నారు మావయ్య.

వాడు కదల్లేదు. ఆయనా కదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది, బస్సులు వచ్చిపోతున్నాయి. కుర్రాళ్లకే విసుగు పుట్టి ఒక్కొక్కరూ జారుకున్నారు. అప్పుడు లేచాడు వాడు. దారి పొడుగునా ఆయన తిడుతూనే ఉన్నారు, వీడు పక్కనే నడుస్తూనే ఉన్నాడు.

వాకిట్లో అమ్మమ్మ ఎదురొచ్చింది. "నీకెందుకు నాయనా ఈ పీడ? వీడితో విసిగిపోతున్నావు."

"విసుగు రాదుటండీ, పిన్నిగారూ? వీడితో రాకపోతే ఇంకెవరితో వస్తుంది? అవి నా పాట్లు, నేను పడతాను. వీణ్ణి మాత్రం పంపకండి."

తమ్ముడు ఆయన మొహంలోకి చూశాడు. తిట్టి వెళ్లిపోయిన మగవాణ్ణే అంతవరకు వాడు ఎరుగును. తిడుతూనే ఉండిపోయే మనిషిని చూడటం అదే మొదలు. ఇద్దరూ వేణ్ణీళ్లు పోసి పోసి ఆ రోకలి ఊడదీశారు. లారీ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

వాడు ఆ పూటకే మారిపోయాడని చెప్పను. బీడీలు వదలడానికి చాలా కాలం పట్టింది. కానీ కొన్నాళ్లకు, అడక్కుండానే అమ్మ చంకలోంచి నీళ్లబిందె అందుకున్నాడు. పక్కింట్లో మావయ్య అత్తయ్య దగ్గర అలా అందుకోవడం రోజూ చూసేవాడు కాబోలు.

ఇప్పుడు మా వీధి చివర కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని పనీపాటా లేకుండా కూర్చుంటారు. వాళ్లలో తండ్రి ఉండీ లేనివాళ్లే ఎక్కువ. "ఒక్కణ్ణి కాస్త పట్టించుకోండి బాబూ" అని వీధిలో మగవాళ్లను అడుగుతుంటాను. "వీళ్లతో వేగలేమండీ" అని గేటు వేసుకుంటారు. ఆ పిల్లల కన్నా ఈ గేట్లే నన్ను ఎక్కువ విసిగిస్తాయి. నేను మాత్రం సాయంత్రం దీపం పెట్టి, నా విసుగు తీసెయ్యమని స్వామిని అడగను. రేపు పొద్దున మళ్లీ పిలిచే ఓపిక ఇమ్మంటాను. ఆ మావయ్య దగ్గర నేర్చుకున్న ప్రార్థన అది.

ఆయనకు పిల్లలు లేరు. ఏటా తలుచుకుని తర్పణం వదిలేవాళ్లూ లేరు. మీరు కూడా ఏ కుర్రాడితోనో విసిగి తలుపు వేసుకోబోయినప్పుడు, దయచేసి ఆయన్నొక్కసారి తలుచుకోండి.