పేగుల ప్యాకెట్లో తాళంచెవి

ఇర్మా రెండు జతల గ్లౌజులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, ప్లాస్టిక్ సంచి మూలను కత్తెరతో కోసింది. లోపల ఉబ్బి ఉన్న గాలి బుస్సుమని బయటికొచ్చింది. ఆమె ఫోన్ల రిపేరు దుకాణం ఎంతో లేదు, ఒక మంచం పట్టేంత. ఆ చోటంతా కుళ్ళిన పేగుల కంపుతో నిండిపోయింది. ఎదురు కొట్లో తాళాలు చేసే ముసలాయన తల బయటపెట్టి, "ఎవర్నైనా చంపావా ఇర్మా?" అని అడిగి, జవాబు వినకుండానే తలుపేసుకున్నాడు.

"పేగులే దోన్యా ఇర్మా," అన్నాడు బల్లకి అవతల నిలబడ్డ అన్సెల్మో, అందరిలాగే ఆమె పేరుకి ముందు మర్యాదకి దోన్యా చేర్చి. లానూస్ స్టేషన్ వెనక వీధిలో ముప్పై ఏళ్ళుగా మాంసం కొట్టు నడుపుతున్న మనిషి. "శుభ్రంగా కడిగినవే."

"ఎప్పుడు కడిగావు లావోడా? పోయిన ఈస్టరుకా?" అంది ఆయన భార్య ఎలిదా, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఇర్మా పెదాలు బిగించింది. నోరు తెరిస్తే ఆ కంపు నాలుక మీదికి వస్తుంది. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, బూడిదరంగు ముద్దలోంచి చూపుడువేలంత పరికరాన్ని బయటికి లాగింది. చిన్న తెర, రెండు బొత్తాలు, చివర వైరు గుచ్చే నోరు. ఆ నోట్లోంచి పసుపుపచ్చని రసం కారింది.  

అన్సెల్మో దాన్ని పెన్‌డ్రైవ్ అనేవాడు. అందులో డబ్బుండదనీ, డబ్బు తీసే తాళంచెవి మాత్రమే ఉంటుందనీ ఇర్మా ఆయనకు రెండేళ్ళ కిందటే చెప్పింది. ఆయన కూడబెట్టిన బిట్‌కాయిన్ అంతటికీ అదొక్కటే తాళంచెవి. దొంగలొస్తే ఫ్రీజరులో మంచి కండలన్నీ ఎత్తుకుపోతారు గాని పేగులు ముట్టుకోరని ఆయన లెక్క. లెక్క తప్పేం కాదు. అక్కడ నడివేసవైన జనవరి ఎండల్లో ఆలుమగలు సముద్రానికి వెళ్ళినప్పుడు వీధిలో కరెంటు పోయింది. పోయింది పోయినట్టే ఉంది. తిరిగొచ్చి ఫ్రీజరు మూత తీస్తే ఇదీ సంగతి.

"నేను చెత్తలో పడేశాను," అంది ఎలిదా. "పడేసి చేతులు కడుక్కుని వస్తే ఈయన చెత్తడబ్బాలో బోర్లా పడి వెతుకుతున్నాడు. పదేళ్ళ కష్టం నా పక్కనే ఫ్రీజరులో ఉందని నాకప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే నీ అక్కకి చెప్తావు ముసలీ."

ఇర్మాకి ఇలాంటివి విని విని చెవులు గట్టిపడ్డాయి. పాతికేళ్ళప్పుడు ఆమె ఇక్కడే రేడియోల ఫ్యాక్టరీలో చేసేది. అది మూతపడిన రోజున జీతాల బదులు అందరూ కుర్చీలూ ఫ్యాన్లూ మోసుకుపోతే, ఆమె ఒక భూతద్దమూ ఒక టంకం కర్రా తెచ్చుకుంది. ఎవరూ నేర్పలేదు. చచ్చిన ఫోన్లు విప్పి, ఎందుకు చచ్చాయో చూసి నేర్చుకుంది. స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల మాట తగ్గింది. తగ్గడమే మంచిదైంది. బ్యాంకులు తలుపులేసుకుని జనం డబ్బు బిగబట్టిన ఏడు, వాటిని నమ్మినవాళ్ళ గతి ఆ పేటలో అందరూ చూసినవాళ్ళే. అందుకే ఎవరి దాపరికం వాళ్ళది. అది పాడైనప్పుడు అందరూ వచ్చేది ఈ మంచమంత కొట్టుకే.

"పదాలున్నాయిగా?" అంది. పరికరం పోయినా, అది మొదట ఇచ్చిన ఇరవై నాలుగు పదాలు ఉంటే కొత్తదాంట్లో అన్నీ తిరిగొస్తాయి. ఆ కాగితం జాగ్రత్త అని ఆనాడు నాలుగుసార్లు చెప్పింది.

అన్సెల్మో మెడ గోక్కున్నాడు. "కాగితం కాల్చేశాను. ఆదివారం మాంసం కాల్చే నిప్పుల్లోనే. ఇంట్లో ఉంటే ఎవరైనా చూస్తారని."

"కాల్చేముందు ఎక్కడైనా రాసి పెట్టావా?"

"ఫోటో తీశాను. పోకూడదని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను."

ఇర్మా చేతిలో సంచిని బల్ల మీద పెట్టేసింది.

"ఎంతమంది ఆ గ్రూపులో?"

"అందరూ. మా చెల్లెళ్ళు, బావలు, పిల్లలు, కొర్దోబాలో ఉన్న వాళ్ళు..."

"నేను లేను," అంది ఎలిదా. "క్రిస్మస్‌కి నేను చేసిన దూడమాంసం చప్పగా ఉందని ఈయన చెల్లెలు అంటే, నీ నాలుకే చప్పగా ఉందన్నాను. గ్రూపులోంచి తీసేసింది. అంటే మా ఇంటి తాళంచెవి కొర్దోబా ఆడపడుచుల దగ్గరుంది, నా దగ్గర లేదు!"

అన్సెల్మో ఫోనులో ఆ ఫోటో వెతికి చూపబోయాడు. ఇర్మా చటుక్కున మొహం తిప్పుకుంది. ఎవరి పదాలూ ఆమె కంట పడకూడదు, అది ఆమె నియమం. ఎలిదాయే చూసి చెప్పింది. కాగితం కింది మూలన ఈయన బొటనవేలు అడ్డం వచ్చింది. కత్తికి సగం గోరు పోయిన లావుపాటి బొటనవేలు. దాని కింద చివరి నాలుగు పదాలు లేవు.

"అదృష్టవంతుడివి," అంది ఇర్మా. ఆ మాటలో మెప్పు లేదు. ఆ నాలుగూ లేకపోబట్టే ఇన్నాళ్ళూ ఎవరూ దోచుకోలేదు. ఆ నాలుగూ లేకపోబట్టే కొత్తదాంట్లోకి తేవడమూ కుదరదు. ఇక మిగిలింది ఈ పేగుల రసం తాగిన ముక్కే. ఇది ఒక్కసారి లేచి నిలబడితే చాలు, కొత్త పరికరంలో కొత్త పదాలు పుట్టించి, ఉన్నదంతా అటు పంపేయొచ్చు. లేవకపోతే గురువారం వీళ్ళు కొట్టు కొనే సంతకాలకు వట్టి చేతులతో పోవాలి. మాంసం కొట్టున్న గోడలు అద్దెవి. వాటి యజమాని అమ్మేస్తున్నాడు, ముందు వీళ్ళకే అన్నాడు. ఆ రోజు దాటితే పక్కనున్న మందుల దుకాణంవాడు కొనడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె పరికరాన్ని విప్పి, పళ్ళ బ్రష్షు స్పిరిట్టులో ముంచి తోమడం మొదలుపెట్టింది. బ్రష్షు మొదటి రుద్దుకే గోధుమరంగుకి తిరిగింది. అప్పుడే గాలేరియా అనే ఆ కొట్ల సందు చివరినుంచి అత్తరు ఘుమాయింపు వచ్చింది. దాని వెనక, మొన్నటినుంచీ అన్సెల్మో ఫోనులో అన్నీ చెప్తూ వస్తున్న నావెల్ వచ్చాడు. అన్సెల్మో పెద్దచెల్లెలి కొడుకు, ముప్పై దాటినవాడు, క్రిప్టోలో కోటీశ్వరులు కావడమెలాగో ఇంటర్నెట్లో పాఠాలు అమ్ముకుంటాడు. పేగుల కంపూ అత్తరూ కలిస్తే ఏమవుతుందో ఇర్మాకి ఆ పూట తెలిసింది. ఉత్త పేగులే నయం.

"ఏం మావయ్యా, ఇక్కడా నీ ఆస్తి? భవిష్యత్తంతా ఉండే ముక్కని ఈ డొక్కు కొట్టుకి తెచ్చావా? దోన్యా, ఏమనుకోకు."

"అనుకుంటాను," అంది ఇర్మా.

"నువ్వేం భయపడకు మావయ్యా. ఆ ముక్కని వదిలెయ్. నేను చూసుకున్నాను. నా ఫ్రెండు ఒకడున్నాడు, వాడి దగ్గర పెద్ద మిషన్లున్నాయి. మిగిలిన నాలుగు పదాలూ అవే వెతికి పెడతాయి. ఫోటో మొన్నే పంపేశాను."

బ్రష్షు ఆగింది.

"ఎవడా ఫ్రెండు?" అంది ఎలిదా.

"ఆన్‌లైన్లో పరిచయం అత్తా. మంచోడు. దొరికితే సగం వాడికి."

"సగమా?"

"మిగతా సగం మనకేగా!"

"మనకా? మనకంటే ఎవరికిరా? మా కొట్టులో సగం ముక్కూ మొహం తెలీనివాడికి రాసిచ్చి, మిగతా సగంలో నువ్వు కూడా కూర్చున్నావా?"

"అబ్బా అత్తా, నీకు టెక్నాలజీ తెలీదు. దీన్ని రిస్క్ మేనేజ్‌మెంట్ అంటారు."

అన్సెల్మో నావెల్ వైపు తిరిగాడు.  "వాడు సగమే తీసుకుంటాడంటావా ఒరేయ్?"

నావెల్ నవ్వాడు.   దొంగ చేతికి తాళాలిచ్చి, వాకిట్లో నిలబడి పళ్ళికిలించేవాణ్ణి ఇర్మా అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. ఆ మిషన్లకు నాలుగు పదాలు వెతకడం వారాల పనో గంటల పనో ఆమెకు తెలీదు. మొన్ననగా మొదలైందన్నది ఒక్కటే తెలుసు.

ఆమె లేచి బిస్కెట్ల డబ్బా ముందుకు తోసింది. "ఫోన్లన్నీ ఇందులో. నీది అక్కర్లేదు బాబూ, నువ్వు దాంతో సహా బయటికెళ్ళు."

"ఏంటి దోన్యా, అవమానిస్తున్నావా?"

"ఇంకా లేదు. షట్టరు దింపేలోపు పోకపోతే మొదలుపెడతాను."

"పో రా," అన్నాడు అన్సెల్మో.  నావెల్ ఏదో గొణుక్కుంటూ పోయాడు. అత్తరు వాసన మాత్రం చాలాసేపు పోలేదు.

"ఇంటి దగ్గర దీన్ని ముట్టుకున్నావా?" అంది ఇర్మా షట్టరు సగం దింపి.

"వైరు గుచ్చాను. వెలిగింది. పిన్ నొక్కాను. కుడి బొత్తాం ఒకసారి నొక్కితే రెండుసార్లు పోతోంది. రెండుసార్లు తప్పని చూపించింది."

"మూడోసారి తప్పైతే దానంతటదే చెరిపేసుకుంటుంది."

"తెలుసు. అందుకే తెచ్చాను."

ఇన్ని మాటల్లో ఆయన చెప్పిన తెలివైన మాట అదొక్కటే.

ఆమె పాత బొత్తాలు రెండూ ఊడబెరికింది. వాటి అడుగున పచ్చని చిలుము, పేగు పొర ఒకటి అంటుకుని ఉంది. పట్టకారుతో దాన్ని తీసి కాగితం మీద పెడితే ఎలిదా ఓకరించింది. ఇర్మా పాత సామాను డబ్బాలోంచి అదే కొలత బొత్తాలు వెతికి, భూతద్దం కింద టంకం పెట్టింది. మీటరు ముళ్ళు ఆనించి ఒక్కొక్క బొత్తాన్నీ నొక్కుతూ పోయింది. ఒక నొక్కుకి ఒక కూత. మళ్ళీ నొక్కు, ఒకే కూత. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కింది.

"ఇక పిన్ కొట్టనా?" అన్నాడు అన్సెల్మో.

"ఆగు. ముందు కొత్తది తయారుకావాలి. పాతది ఎంతసేపు బతుకుతుందో చెప్పలేను."

అరలోంచి కొత్త పరికరం డబ్బా తీసి, సీలు నాలుగు వైపులా చూసి విప్పింది. పరికరం ఆయన చేతిలో పెట్టి, చిన్న స్టీలు రేకూ చెక్కే సూదీ ఎలిదాకి ఇచ్చింది. "పదాలు వస్తాయి. ఒకరు చదవండి, ఒకరు చెక్కండి. కాగితం లేదు, ఫోటో లేదు, నిప్పులు లేవు." అని, తాను కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చుంది. గోడ మీద పాత క్యాలెండరు, దాని మీద ఈగ. ఆ ఈగనే చూస్తూ ఉంది.

వెనకనుంచి గుసగుసలు. "ముందు అక్షరాలు సరిగ్గా చెప్పు లావోడా." "చెప్తున్నా కదా!" "వేలు తియ్, వేలు తియ్! మళ్ళీ నీ వేలే!" పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి ఒక రహస్యం రాసుకోవడం ఇదే మొదటిసారి అయుంటుంది.

"అయింది," అన్నాడు అన్సెల్మో. "పంపేద్దాం."

"కాలేదు. ఇప్పుడు కొత్తదాన్ని చెరిపేసి, రేకు మీద చూసి మళ్ళీ పదాలన్నీ ఎక్కించండి. అదే వాలెట్, అంటే అదే ఖాతా, తిరిగొస్తేనే రాసింది సరైనట్టు."

"అక్కడ వాడి మిషన్లు తిరుగుతుంటే!"

"తిరగనీ. రేకు మీద ఒక్క పదం తప్పున్నా నీకు దొంగ అక్కర్లేదు."

ఎలిదా భర్త మోచేతి మీద కొట్టింది. "చెప్పినట్టు చెయ్. నీ తొందరే మనల్ని ఇంతదాకా తెచ్చింది."

చేశారు. పదమూడో పదంలో ఒక అక్షరం తప్పుంది. ఆయన చెప్పింది ఒకటి, ఆమె చెక్కింది ఒకటి. దాన్ని కొట్టేసి పక్కనే సరిగా చెక్కారు. మళ్ళీ మొదట్నుంచి ఎక్కించారు. ఇర్మా గోడకేసే కూర్చుని, ఎవరి తప్పు అన్న తగువంతా విన్నది.

తర్వాత పాతదానికి వైరు గుచ్చింది. తెర మసకగా వెలిగింది. అన్సెల్మో చొక్కాకి చెయ్యి తుడుచుకుని, ఒక్కొక్క అంకె దగ్గర ఊపిరి బిగబట్టి నొక్కాడు. చివరి నొక్కు తర్వాత తెర నల్లగా అయింది. ఎలిదా ముక్కు మీది రుమాలు వదిలేసింది. తెర మళ్ళీ వెలిగి, లోపలికి రానిచ్చింది.

ముందు పిసరంత పంపించింది ఇర్మా. డబ్బు చేరాల్సిన చిరునామా కొత్తదాని తెర మీద అక్షరం అక్షరం సరిచూడమంది. అది చేరి, ఖాయమయ్యేదాకా ఆగారు. మిగతాదంతా పంపేటప్పుడు అన్సెల్మో బొటనవేలు బొత్తాం మీద కాసేపు ఆగింది. "నొక్కు," అంది ఎలిదా. నొక్కాడు.

కంప్యూటరులో పాత వాలెట్ ఖాళీ అయింది, కొత్తది నిండింది. ఆ ఎక్కడివాడో ఎన్ని మిషన్లు తిప్పినా ఇక దొరికేది ఖాళీ ఫ్రీజరే.

"నావెల్‌కి చెప్పనా?" అన్నాడు అన్సెల్మో, అలవాటు కొద్దీ డబ్బాలోని ఫోను వైపు చూస్తూ.

ఎలిదా, ఇర్మా ఇద్దరూ ఒకేసారి ఆయన వంక చూశారు. ఆ చూపుకి చెయ్యి వెనక్కి పోయింది.

ఇర్మా పాత పరికరాన్ని చెరిపి, సుత్తితో రెండు దెబ్బలు వేసింది. పేగులూ పళ్ళ బ్రష్షూ గ్లౌజులూ అన్నీ ఆ సంచిలోకే తోసి, మూతి బిగించి ముడేసింది. "ఇది నువ్వే పట్టుకుపో. నా చెత్తడబ్బాలో వద్దు," అని అన్సెల్మో చేతికిచ్చింది. తర్వాత మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది. కొత్త పరికరాన్ని ఉతికిన గుడ్డతో తుడిచి, రేకుతో కలిపి ఎలిదా అరచేతిలో పెట్టింది.

ఎలిదా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"వాసన లేదు," అంది. రెంటినీ బ్యాగులో వేసుకుని, జిప్పు లాగింది.