ఒడ్డున దొరికిన తుఫాను

నేను పనిచేసే బడిలో మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె ఉంది. వేటకెళ్లిన పడవ తిరిగొచ్చేదాకా ఇంటి ఆడది సముద్రానికి వీపు చూపకూడదనీ, చూపితే గంగమ్మ అలుగుతుందనీ తమ ఊరి కథ ఒకటి చెప్పింది. ఆ కథ పట్టుకొని, తెరచాప ఓడల కాలం నాటి నవల మొదలుపెట్టాను. తుఫాను అధ్యాయం దగ్గర కలం ఆగిపోయింది. ఎంత రాసినా అలలు, ఉరుములే తప్ప మనుషులు కనబడలేదు.

మా పొలం మానవపాడు దగ్గర, తుంగభద్ర ఒడ్డున. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే పొలానికి నీళ్లు తోడే మోటారును ఏటి నడుమ బండ మీదికి జరిపాం. వానలు మొదలై, పైన ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారని ఊళ్లో చాటింపు వేసిన రోజు మోటారు తెచ్చేందుకు మా ఆయన పుట్టి ఎక్కాడు. ఆ గుండ్రటి పడవ నడిపే అతను వెంట ఉన్నాడు.

"మోటర్ పోతే పోనీ, నువ్వు పోకు," అన్నాను.

"గిట్ల పోయి గట్ల వస్త. పరేషాన్ గాకు."

వాళ్లు బండ చేరేలోపే నీళ్లు ఎర్రగా పొంగాయి. పుట్టి గిర్రున తిరిగి కిందికి కొట్టుకుపోసాగింది. పక్కనే ఉన్న మా అత్త అరిచింది. "ఏందట్ల నిలవడ్డవ్? ఉరుకు, మందిని పిలువు!"

కాలు కదల్లేదు. ఏటికి వీపు తిప్పాలంటే ఒళ్లంతా భయం. నేను కాగితం మీద పెట్టిన నమ్మకమే నన్ను పట్టుకుంది. చూపు తిప్పితే ఆ పుట్టి మునుగుతుందనిపించింది.

అత్త నా భుజం పట్టి ఒక్క తోపు తోసింది. తిరిగాను. ఊరి వైపు పరుగెత్తాను. వెనక ఏటి హోరు వినబడుతూనే ఉంది, అందులో మనిషి గొంతు ఉందో లేదో తెలియలేదు.

మోకులతో మగవాళ్లు వచ్చేసరికి పుట్టి దిగువన తుమ్మకొమ్మలకు చిక్కుకొని ఊగుతోంది. మోకు విసిరి ఇద్దరినీ లాగారు. మా ఆయన పెదవులు నీలంగా మారాయి.

"మోటర్ పాయె," అన్నాడు.

అత్త తన కొడుకు చెంప మీద ఒకటి వేసి, ఆయన్నే కావలించుకొని ఏడ్చింది.

ఆ వారమే తుఫాను అధ్యాయం రాశాను. అందులో అలలు తక్కువ. వెనక పడవ ఉందో లేదో తెలియకుండా ఇసుకలో పరుగెత్తే ఆడమనిషి ఉంది. మా ఆయన చదివి కాగితాలు నా చేతికిచ్చాడు.

"నువ్వు గింత భయపడ్డవని నాకు తెల్వదు," అన్నాడు.