అమ్మకు చెల్లని బాప్తిస్మం

నేను క్రైస్తవురాలినై ఎక్కువ కాలం కాలేదు. పుట్టుకతోనే క్రైస్తవులైనవాళ్లకి ఈ తగవులు అలవాటేమో, నాకు కాదు. ఒకే పుస్తకం, ఒకే దేవుడు, ఇక గొడవేముంటుంది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

మాది చీపురుపల్లి దగ్గర పల్లె, వరి, నువ్వులు పండించుకునే ఇల్లు. పెళ్లయ్యాక శ్రీకాకుళం వచ్చాను. ఇక్కడే ఒక చిన్న క్రైస్తవ సహవాసంలో చేరి, నాగావళిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాను. అమ్మకు గొంతు కేన్సరు వచ్చాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా వైపు ఆడవాళ్లు చాలామందిలాగే అమ్మ కూడా నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఆపరేషన్ చేసి మెడకు కన్నం పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరంతా అందులోంచే. మాట్లాడాలంటే దాన్ని వేలితో మూసుకోవాలి.

సాయంత్రాలు నేను బైబిలు చదువుతుంటే వినేది. ఒకరోజు గొట్టం మూసుకుని, "ఒలే, నాకూ బాప్తిస్మం ఇప్పించు. మీరు తినే ఆ పెబువు రొట్టె నానూ తింతాను" అంది. అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

మా సహవాసం పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. మా పద్ధతిలో మనిషిని నిండా ముంచాలి. ముంచకపోతే అది బాప్తిస్మమే కాదు, అది లేనివాళ్లు ఆదివారం ఆరాధనలో ప్రభువు పేరిట పంచుకునే రొట్టె ముట్టకూడదు. మెడలో కన్నమున్న మనిషిని ముంచితే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు చెప్పిన సంగతి చెప్పాను.

"విశ్వాసముంతే దేవుడే సూసుకుంతాడమ్మా" అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. తన కన్నతల్లి గురించి ఆ మాట అనగలడా?

అరసవల్లి రోడ్డులో నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చే సంఘం ఒకటుంది. నేను వెళ్లి అడిగితే అక్కడి పాస్టరుగారు మర్నాడే ఇంటికొచ్చి, గిన్నెలో నీళ్లు తీసుకుని అమ్మ నెత్తిన చిలకరించారు. తడి తుడవబోతే అమ్మ నా చెయ్యి తోసేసింది. రొట్టె కూడా ఇమ్మని అడిగాను. "ముందు నువ్వు ఆ ముంచేవాళ్లని వదిలి రా. ఒకే ఇంట్లో రెండు బోధలు కుదరవు" అని వెళ్లిపోయారు.

నన్ను మనిషిని చేసిన సహవాసాన్ని వదల్లేకపోయాను. అమ్మ తలమీద నీళ్లు పడ్డాయిగా, మావాళ్లు కాదనరులే అనుకుని ఆదివారం ఆటోలో తీసుకెళ్లాను. రొట్టె పళ్లెం వరసలో వచ్చింది. అమ్మ చెయ్యి చాచింది. పెద్దాయన కంటితో సైగ చేశాడు. పళ్లెం అమ్మను దాటి నా ముందుకొచ్చింది. నేనూ తీసుకోలేదు. చాచిన చెయ్యి అమ్మ ఒళ్లోకి తీసుకుంది.

ఆ తర్వాత రెండు వైపులవాళ్లూ ఇంటికి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లంతా వాక్యాలు తీసి చూపించేవాళ్లే గాని, ఆవిడకెలా ఉందని అడిగినవాళ్లు తక్కువ. నేను టీలు పెడుతూ కూర్చున్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

ఒక మధ్యాహ్నం వాళ్లు వెళ్లాక గొట్టం మీద వేలు పెట్టింది.

"ఒలే, మీ అయ్య ఎక్కడున్నాడంతావు?"

నాన్న ఏ బాప్తిస్మమూ లేకుండా పోయాడు. అలాంటివాళ్లు ఎక్కడికి పోతారని మావాళ్లు చెబుతారో అమ్మకు తెలుసు, చదివి వినిపించింది నేనే.

"నాను పోతే ఊరు తీసుకెల్లి, ఆడ్ని కాల్సిన కాడే కాల్సీయండి. ఆడి దగ్గిరికే పోతాను. అక్కడైతే నన్ను ఎవులూ వొద్దనరు."

మళ్లీ రొట్టె ఊసెత్తలేదు. అమ్మ పోయాక ఊరు తీసుకెళ్లాం, మా తమ్ముడు నిప్పు పెట్టాడు. పెద్దాయనా రాలేదు, పాస్టరుగారూ రాలేదు. విశ్వాసిని కాల్చడం తప్పని ఇద్దరూ అన్నారట. అమ్మను విశ్వాసి అని వాళ్లిద్దరూ ఒక్కమాటగా ఒప్పుకున్నది అప్పుడే.