కార్కు కొండకు నాలుగు బోణీలు

గడప దగ్గరికే తెచ్చిస్తామన్న సరుకును వద్దని, అదే సరుకు సగం ధరకు నేను తెస్తానని నలుగురిలో పందెం కట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. దానికి పెంపకం కావాలి. చిక్కడపల్లిలో మా అమ్మ కిరాణా దుకాణంలో, గల్లా పెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు చేతనైంది.

ముందు ఆ సరుకేమిటో చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం మా ఇంట్లో భోజనాల బల్ల మీద యుద్ధాలు చేస్తాం. బొటనవేలంత సైనికులు, గుప్పెడు పాచికలు, దూరం కొలవడానికి దర్జీ టేపు. నలభై దాటినవాళ్లకు బొమ్మలాటలేమిటని అడిగితే ఇది బొమ్మలాట కాదు, యుద్ధతంత్రం అంటాం. అడిగినవాళ్లు నమ్మరు, మేమూ పెద్దగా పట్టుబట్టం.

యుద్ధానికి కొండలు కావాలి. మా కొండలు అప్పటిదాకా ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చిన థర్మాకోల్‌వి. ఎంత రంగు పూసినా అవి ఫ్రిజ్ మూలల్లాగే కనబడేవి. పైగా శత్రువు ఎక్కిన ప్రతిసారీ తెల్లటి గింజలు రాల్చేవి. కార్కు పలకలను చేత్తో విరిచి, ఒకదాని మీద ఒకటి అంటిస్తే అచ్చం రాతిగుట్టలా ఉంటుందని మాలో బ్యాంకు ఉద్యోగి కనిపెట్టాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఫోన్‌లో ఎనిమిది పలకలు ఎంచి, పదహారు వందలు అని చూపించాడు.

పదహారు వందలు చెట్టు బెరడుకా అన్నాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా అన్ని దుకాణాలుండగా ఫోన్‌కు డబ్బు కడతారా అన్నాను. ఎనిమిది వందల్లో కొండ మొత్తం నేనే కట్టి చూపిస్తానన్నాను. ఎవరూ అడగలేదు.

"పదహారు వందలు దాటితే ఏంది మరి?" అన్నాడతను.

"దాటితే నా ఏనుగు నీది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నాకు వినపడలేదు. నా సైన్యంలో ఉన్నది ఒకటే ఏనుగు. ఒక వానాకాలమంతా కూర్చుని దానికి రంగులేశాను. గోళ్లకు వేరే రంగు, చెవుల అంచులకు గులాబీ మచ్చలు, అంబారీకి నా పెళ్లి చీర అంచు చూసి దించిన జరీ గీతలు. అది బల్ల మీదికి వచ్చినప్పుడల్లా అతని చూపు దాని మీదే ఉండేదని నాకు తెలుసు.

నా ఎత్తుగడ సులువైంది. బోణీ వేళకు వెళ్లాలి. పొద్దున షట్టరెత్తి, దేవుడి పటానికి అగరొత్తి తిప్పి కూర్చున్న దుకాణదారు మొదటి బేరాన్ని వదులుకోడు. లాభం లేకున్నా ఇస్తాడు. ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివి. నేను మరిచిపోయిందల్లా ఈ తాడుకు రెండో కొస కూడా ఉందన్న సంగతి. బోణీ వేళ వచ్చిన గిరాకీ ఏమీ కొనకుండా పోకూడదు. అట్లా పోయినవాళ్లను అమ్మ సాయంత్రం దాకా తలుచుకునేది. నూనె డబ్బా ఒలికినా వాళ్లే కారణం, కరెంటు పోయినా వాళ్లే. అది వింటూ పెరిగిన మనిషి పొద్దున్నే ఒక దుకాణంలోకి వెళ్లి, అడిగి, ఉత్తచేతులతో మెట్లు దిగగలదా?

మొదట చిక్కడపల్లిలోనే ఒక స్టేషనరీ దుకాణం. కార్కు షీటు అనగానే పిల్లల ప్రాజెక్టా అక్కా, ఏ క్లాసు అన్నాడు. ప్రాజెక్టంటే ధర తగ్గిస్తారు కాబట్టి ఏడో తరగతి అన్నాను. నా కూతురు అప్పటికి ఇంజినీరింగు చదువుతోంది. కార్కు లేదట, కార్కు బోర్డుకు గుచ్చే పిన్నులున్నాయట. అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. పిన్నులు కొన్నాను, అరవై రూపాయలు.

మర్నాడు నారాయణగూడలో ఆటసామాన్ల దుకాణం. అక్కడ కార్కు అంటే రెండే వస్తువులు. ఒకటి క్రికెట్ ఆడే కార్కు బాలు, రెండోది షటిల్ కాకు. రెండూ ముందు పెట్టాడు. నేను అడిగింది పలక అని చేతులతో చూపిస్తే, క్యారమ్ బోర్డు తియ్యబోయాడు. అంత పెద్ద బోణీ నాకెందుకని షటిల్ కాకుల డబ్బా పట్టుకున్నాను. నాలుగు వందల ఇరవై చెప్పాడు. అప్పుడు నాలో మా అమ్మ లేచి కూర్చుంది. డబ్బా మూత తీశాను, ఈకలు లెక్కపెట్టాను, కోఠిలో ఎంతకిస్తున్నారో చెప్పాను, ఒక కాలు మెట్టు మీద పెట్టాను. మూడు వందల నలభైకి దించాను. బతుకులో నేను చేసిన మంచి బేరాల్లో అదొకటి. వీధి మలుపు తిరిగాక గాని మా ఇంట్లో ఎవరూ షటిల్ ఆడరని గుర్తుకు రాలేదు.

తర్వాత టైల్స్ దుకాణం. కార్కు టైల్స్ అని అడిగింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే. బాత్రూమ్ గోడకా, నేలకా అని అడిగి, కార్కు రంగు పలకలు అద్దంలా తుడిచి చూపించాడు. వాటిని విరిస్తే రాతిగుట్ట కాదు, చేతికి కుట్లు వస్తాయి. అక్కడ అన్నిటికంటే చవకైంది తెల్ల సిమెంటు సంచి. తొంభై రూపాయలు.

నాలుగోది హోమియో మందుల దుకాణం. చిన్న సీసాలకు కార్కు బిరడాలు పెడతారు కదా, ఎక్కడినుంచి తెప్పిస్తారో ఆ జాడ అడుగుదామని నా అతితెలివి. దుకాణం పెద్దాయన, అవి సీసాలతోపాటే వస్తాయమ్మా అని చెప్పి, జలుబెప్పటినుంచి అని అడిగాడు. నాకు జలుబు లేదు. అయినా బోణీ వేళ ఆ మనిషిని నిరాశపెట్టలేక రెండు రోజుల నుంచి అన్నాను. నూట పది రూపాయల తీపి గోళీలు కట్టిచ్చాడు.

ఆ సాయంత్రమే బ్యాంకు తమ్ముడు ఫోన్ చేశాడు. కొండ సంగతి అడగలేదు.

"ఏనుగు మంచిగున్నదా అక్కా? జర బాగ చూసుకో. నా ఇంటికొచ్చేటాల్లకు చిక్కిపోవద్దు."

అమ్మ నా సరుకంతా చూసింది. పిన్నులు, కాకులు, సిమెంటు, గోళీలు.

"ఏందే ఇది? దుకాణం పెడుతున్నవా?"

చెప్పాను. అంతా విని, బోణీ కాడ ఒట్టిచేతులతోని రాలేకపోయినవా అంది. ఎట్లొస్తనే అమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, అది గూడ నిజమే అంది. ఆ ఒక్క మాటతో నా నాలుగు తప్పులు కులాచారాలైపోయాయి. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆంటీ, మా దుకాణంలో ఏళ్లుగా పప్పులు కొనే మనిషి, గోడలకు రంగులేయిస్తూ నోటీసు బోర్డులన్నీ పీకి మెట్ల కింద పడేసిందట. పోటీ పరీక్షల పిల్లలు టైంటేబుళ్లు గుచ్చుకునే బోర్డులు. కార్కువి.

ఈసారి కావాలనే మధ్యాహ్నం వెళ్లాను. బోర్డులు ఆరు, దుమ్ము పట్టి ఉన్నాయి. మనసులో రెండు వందలు అనుకుని, నూటయాభై దగ్గర మొదలుపెడదామని ఎంతకిస్తారని అడిగాను.

"భలేదానివే. మీ అమ్మగారి మొహం చూసైనా నేను ధర చెప్తానా? నీకు తోచింది ఇవ్వమ్మా."

వ్యాపారంలో ఇంతకంటే పదునైన ఆయుధం లేదు. అవతలివాళ్లు ఒక అంకె చెబితే దాన్ని సగం చెయ్యడం నాకు వచ్చు. అంకే లేకపోతే దేన్ని సగం చెయ్యను? కనీసం ఒక మాట చెప్పండన్నాను. ఆవిడ నవ్వి మంచినీళ్లు తెచ్చింది. మూడు వందలన్నాను. ఆవిడ మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. నాలుగు వందలన్నాను. అమ్మాయి చదువెంతవరకు వచ్చిందంది. ఐదు వందలు, అని నేనే అన్నాను. ఆవిడ ఫ్యాను వేసింది. ఆ గాలికి నా నోటి నుంచి ఆరు వందలు వచ్చాయి.

"నీ ఇష్టం తల్లీ. ఫ్రేములు కూడా తీసుకుపో, నాకు చోటు కలిసొస్తుంది."

నాతో నేనే బేరమాడి నేనే ఓడిపోయాను. ఆటో అతను ఆరు బోర్డులు చూసి, మనిషి కిరాయి వేరు, సామాను కిరాయి వేరు అన్నాడు. నూట ఎనభై. అప్పటికి నాలో బేరమాడే ఓపిక లేదు.

ఇంటికొచ్చి చాకుతో లేపితే కార్కు అప్పడమంత పలచగా వచ్చింది. కింద ఉన్నదంతా అట్ట. ఒక అంగుళం ఎత్తుకు ఎన్ని పొరలు కావాలో, ఎంత జిగురు కావాలో అప్పుడు తెలిసింది. జిగురుకే రెండు వందల నలభై. అయితే చెప్పాలి కదా, కొండ మాత్రం అద్భుతంగా వచ్చింది. అంచులు చిరిగి పొరలు పొరలుగా రాయిలా తేలాయి. పిన్నులు గుచ్చిన చిల్లులు ఫిరంగి దెబ్బల్లా ఉన్నాయి. ఒక పొర మీద చింపినా ఊడిరాని నోటీసు ముక్క మిగిలింది, "రేపు నీళ్లు రావు" అని. దాన్ని అట్లాగే ఉంచాను. ఆదివారం మావాళ్లు వచ్చి, ఆ మాట చదివి, దానికి నీళ్లురావుగుట్ట అని పేరు పెట్టేశారు. ముట్టడికి అంతకంటే తగిన కొండ లేదన్నారు.

ఆట మొదలుపెట్టే ముందు బ్యాంకు తమ్ముడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు. బోర్డులు, ఆటో, జిగురు. వెయ్యి ఇరవై. ఎనిమిది వందలు కాలేదు గాని పదహారు వందలకు ఆమడ దూరం. అతని ముఖం పాలిపోయింది. నేను నోరు మూసుకుంటే చాలు, ఏనుగు నాది.

లోపల బీరువా మీద షటిల్ కాకుల డబ్బా కనబడుతోంది. అమ్మ బేగంబజారుకు సరుకుకు పోయి వచ్చినప్పుడు, దారిలో తాగిన చాయ్ కూడా పప్పు ధరలో కలిపేది. దారి ఖర్చు సరుకు మీదనే పడాలె, లేకుంటే దుకాణం మునుగుతది అనేది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇవాళ వెయ్యి ఇరవై అంటే, రేపటినుంచి కోటలు, వంతెనలు, ఊళ్లు అన్నీ నన్నే తెమ్మంటారు. నాకు అంత జలుబు లేదు.

"ఆగు తమ్మీ, ఇంక నాలుగు బోణీలున్నయి," అన్నాను.

చెప్పిందంతా కలిపి అతను తెరను రెండుసార్లు చూశాడు. ఇరవై రూపాయలే కదా అక్కా, ఇడిసిపెట్టు అన్నాడు. గల్లా పక్కన పెరిగిన మనిషితో అనే మాటేనా అది? ఏనుగును నేనే ఎత్తి అతని సైన్యం పక్కన పెట్టాను. ఆ మధ్యాహ్నం అది నా నీళ్లురావుగుట్ట ఎక్కి, నా విలుకాళ్లను తొక్కింది. జరీ అంచు బాగా కనబడింది.

బోర్డులు ఆరు వందలు, ఆటో నూట ఎనభై, జిగురు రెండు వందల నలభై, పిన్నులు అరవై, షటిల్ కాకులు మూడు వందల నలభై, తెల్ల సిమెంటు తొంభై, లేని జలుబుకు గోళీలు నూట పది. వెరసి పదహారు వందల ఇరవై రూపాయలు, ఒక ఏనుగు.