ఆగని గ్రైండరు

భావనపాడు ఒడ్డున పడవలు బాగుచేసే ధనరాజు ఇనుము కోసే గ్రైండరు పట్టేముందు కాళ్లు ఎడంగా నిలిపి, పళ్లు బిగిస్తాడు. బ్లేడుకు అడ్డుండే రేకు ఎప్పుడో ఊడిపోయింది. స్విచ్చి కట్టేసినా ఒక్కోసారి ఆగదు. ఆ రోజు పడవ అంచున నిలబడి తుప్పు బోల్టు కోస్తుంటే బ్లేడు ఇరుక్కుని, గ్రైండరు చేతుల్లోంచి ఎగరబోయింది. సరిగ్గా కింద, ఇసుకలో భార్య అసిరమ్మ వంగి అన్నం క్యారేజీ దించుతోంది. స్విచ్చి నొక్కినా అది ఆగలేదు. ధనరాజు వదల్లేదు, డొక్కకు అదుముకున్నాడు. బ్లేడు ముంజేతిని కోస్తూనే తిరుగుతోంది.

"ఒసే, ప్లగ్గు లాగీ! లాగీయే!" అని అరిచాడు.

ఆమె పరుగెత్తి వైరు లాగేసింది.

"వదిలీలేకపోనావా మావా?" అంది, పైటకొంగు చింపి కట్టు కడుతూ.

"కింద నువ్వున్నావు. ఎటు వదలమంతావు?"

అసిరమ్మ గ్రైండరును వైరుతో సహా ఎత్తుకెళ్లి అలల్లోకి విసిరేసింది. ధనరాజు వద్దనలేదు.