ప్రళయానికి బట్టలు నేసిన మా మామ

మా మేనమామ రాజలింగం ఇక లేడు. ఈ మాట రాసి చాలాసేపటి నుంచి చూస్తున్నాను, అయినా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ బుధవారం కోరుట్లలో నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన ఇంకా ముగియలేదు, సిరిసిల్ల నుంచి అత్త ఫోను చేసింది. "బిడ్డా, మీ మామ మగ్గం మీదనే ఒరిగిండు. ఎంత లేపినా లేస్తలేడు" అన్నది. "మొహం మీద నీళ్ళు చల్లు అత్తా" అన్నాను, ఏం చెప్పాలో తోచక. డాక్టరు వచ్చేసరికే గుండె ఆగిపోయిందట. లోకం కూలిపోయినా తన వాళ్ళ ఒంటి మీద బట్ట ఉండాలని ఏళ్ళ తరబడి సన్నాహం చేసిన మనిషి, తన మరణానికి మాత్రం మమ్మల్ని సన్నద్ధం చేయకుండా వెళ్ళిపోయాడు. నిన్నటితో పదకొండో రోజు కర్మ అయిపోయింది. నేనింకా ఆ ఫోను దగ్గరే ఉన్నాను.

ఆయన్ను ఎరగని వారికి నాలుగు మాటలు చెప్పాలి. మామ పుట్టింది నేత ఇంట్లో. పాతికేళ్ళు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, గుడ్డ నేశాడు. కరోనా కాలంలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే బతికిన ఊరికి నిశ్శబ్దం ఎట్లుంటుందో అప్పుడే తెలిసింది. ఒకనాడు ఆయన మూతపడ్డ కార్ఖానా ముందు నిలబడి నాకు ఫోను చేశాడు. "నూలు యాడికెల్లో అస్తది. కరెంటు యాడికెల్లో అస్తది. మనదేమున్నది బిడ్డా, గీ మోత తప్ప? గిప్పుడు మోత గూడ లేదు." ఆ మాటలో ఏడుపు లేదు, ఒక నిర్ణయం ఉంది. మర్నాడే అటక మీదున్న తాత నాటి చేనేత మగ్గాన్ని దింపించాడు. ఇల్లు ఇరుకైపోయిందని అత్త నెల రోజులు సణిగింది.

అప్పటి నుంచి ఆయన పని ఒక్కటే. ముస్తాబాద్ రైతుల దగ్గర పత్తి తెచ్చుకోవడం, అత్త రాట్నం మీద నూలు తీయడం, ఆయన నేయడం, సెలవు దినాల్లో నేను వెళ్ళి చేత్తో కుట్టడం. ఆ బట్టలకు జిప్పులుండవు, ఎలాస్టిక్ ఉండదు, గుండీలు కూడా ఉండవు. అన్నిటికీ కట్టుకునే తాళ్ళే. కుట్టు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదలాలి, మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. కొలతలకు నెంబర్లు లేవు. మోకాలెత్తు పిల్లకు, నడుమెత్తు పిల్లకు, నిలువెత్తు మనిషికి, అంతే. కట్టిన మూటలన్నీ ఇనుప సందూకు పెట్టెల్లోకి పోయేవి, మళ్ళీ అన్నీ ఆగిపోయే రోజు కోసం.

ఊరు నవ్వింది. నవ్వకుండా ఎందుకుంటుంది? "ప్రళయం రాజలింగం" అని పేరు పెట్టారు. హోటల్లో చాయ తాగుతుంటే ఎవరో అడిగారట, "ఏమే రాజలింగం, ప్రళయం ఎప్పుడస్తదే?" అని. "అచ్చేటప్పుడు నీకు జెప్పి అస్తదా? చాయ సల్లారుతది, తాగు" అన్నాడట ఈయన. నేను కూడా వెక్కిరించిన దాన్నే. కానీ ఆయన మొహంలో భయం ఎన్నడూ చూడలేదు. భయపడేవాడు తలుపులు వేసుకుంటాడు. ఈయన వాకిలి తలుపులు బార్లా తీసి నేసేవాడు.

ఆయన పొరపాట్లు చేయలేదని కాదు. మొదటి సందూకు ఏడాది తర్వాత తెరిస్తే లోపల జల్లెడలే ఉన్నాయి. పురుగు పట్టింది. నేతగాడికి గంజి పెట్టిన గుడ్డంటే ప్రాణం, చేతిలో ఫెళఫెళలాడితేనే వాడికి తృప్తి. ఆ గంజితోనే దాచాడు, పురుగులు ఏడాదంతా విందు చేసుకున్నాయి. నేను అత్త వైపు చూశాను, అత్త నేల వైపు చూసింది. ఆయన మాత్రం ఒక అంగీని ఎత్తి, దాని చిల్లుల్లోంచి మమ్మల్ని చూసి, "ఏడాదంత పురుగులకు వంట జేసి పెట్టినమే" అన్నాడు. ఆ తర్వాత ప్రతి తానునూ మూడుసార్లు ఉడికించి, గంజి వదిలించి, ఎండబెట్టి, వేపాకు వేసి దాచాడు. గంజి పోయి మెత్తబడ్డ గుడ్డను తడిమిన ప్రతిసారీ ఆయన మొహం కొంచెం చిన్నబోయేది.

చివరి మూడేళ్ళు ఆయన ఒక్క గుడ్డ మీదే మనసు పెట్టాడు. చలికి దుప్పటిలాగా, పనికి అంగీలాగా పనికొచ్చే దళసరి గుడ్డ అది. మగ్గం మీద పోగు దూరే దారపు కన్నాలను కళ్ళంటారు. నాలుగు వరుసల కళ్ళలోంచి పోగులు ఒక క్రమంలో దూరాలి. ఆ క్రమం ఆయనే కనిపెట్టాడు, ఎక్కడా రాయలేదు. రాసిపెట్టమని నేను పోరితే, "కాయితం తడుస్తది. ఫోను సస్తది. మగ్గం యాదికుంచుకుంటది" అనేవాడు. ఆ మాట నిజమే. నేత అయిపోయాక మా వాళ్ళు పోగుల్ని మొత్తం తీసేయరు. అవి కళ్ళలోంచి జారిపోకుండా పిడికెడు పిడికెడుగా ముడులు వేసి, ఆ తర్వాతే గుడ్డ కోస్తారు. కళ్ళలో మిగిలిన పాత పోగుకు కొత్త పోగును పురిపెట్టి అతుకుతారు. ఏ పోగు ఎక్కడ దూరాలో ఎవరూ జ్ఞాపకం పెట్టుకోనక్కరలేదు.

"నేర్సుకో బిడ్డా, రెండు నెలల పని" అని ఎన్నిసార్లు అడిగాడో. వేసవి సెలవుల్లో అన్నాను, దసరాకన్నాను, పరీక్షలు కానీ అన్నాను. ఆయన ఒక్కసారి కూడా కోప్పడలేదు. ప్రతి సందూకులో అడుగున అంచు కుట్టని గుడ్డముక్క ఒకటి పెట్టేవాడు. "ఇది మరిచిపోయినవ్ మామా" అంటే, "గది తొడుగుతందుకు గాదు, విప్పి సూసుకుంటందుకు. నేను లేనప్పుడు అక్కరకస్తది" అన్నాడు. ప్రళయం తర్వాత పుట్టే వాళ్ళెవరికోసమో అనుకున్నాను.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. మాలో ఎవరైనా పోతే చుట్టాలు తలా ఒక కొత్త బట్ట తెచ్చి దేహం మీద కప్పుతారు. ఆ రోజు అందరూ దుకాణం నుంచి తెచ్చారు. తళతళలాడే మిల్లు బట్టలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి కొన్న బట్టలో పోవడమా? లేచి కత్తెర పట్టుకుని మగ్గం దగ్గరికి పోయాను. ఆయన ఆ పొద్దుటి దాకా నేసిన దళసరి గుడ్డ దాని మీదే ఉంది. ముడి వేయకుండా, ఒక్క ఊపున కోశాను. బిగిసి ఉన్న పోగులన్నీ సర్రున వెనక్కి జారి, కళ్ళలోంచి ఊడి, కుప్పగా పడ్డాయి. గుమ్మంలో ఆయన జోడీ నేతగాడు నర్సయ్య నిలబడి ఉన్నాడు. "ఏం జేసినవ్ బిడ్డా? ముడెయ్యకపోతివి?" అన్నాడు. ముడి వేయడం పదిసార్లు చూసిన దాన్ని నేను. గుడ్డను మామకు కప్పాం. అది ఆయనతోపాటే చితి మీదికి పోయింది. మగ్గానికి ఇక ఏదీ యాదికి లేదు. నర్సయ్యకూ ఆ క్రమం తెలియదు. చేతి విద్య తెగిపోకూడదని ఆయన ఇన్నేళ్ళు నేశాడు, దాన్ని నేను ఒక్క కత్తెర వేటుతో, ప్రేమతోనే తెంపేశాను. ఆ సర్రుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కర్మ అయ్యాక అత్త తాళంచెవి నా చేతిలో పెట్టింది. "సందూకులల్ల ఏమున్నదో నీకే ఎరుక" అన్నది. చివరి సందూకు అడుగున వేపాకు కింద ఆ ముక్క దొరికింది. జానెడు దళసరి గుడ్డ, అంచు కుట్టలేదు. అప్పుడు అర్థమైంది ఎవరి కోసం పెట్టాడో. నేను నేర్చుకోనని ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు, నా బద్ధకానికి కూడా ఒక ముక్క నేసి దాచాడు. సందూకు మూత పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.

సిరిసిల్లలో సాంచాలు మళ్ళీ మోగుతున్నాయి, నూలు ఎక్కడి నుంచో వస్తూనే ఉంది. ఒక పట్టణం తన ఒంటికి తాను బట్ట నేసుకోగలదా అని అడిగిన మనిషి మాత్రం ఇక రాడు. ఆ స్థానం పూరించే వారు నాకు కనిపించడం లేదు, నేనైతే అసలే కాను. అయినా నిన్నటి నుంచి సూదిమొనతో ఆ ముక్కను పోగు తర్వాత పోగు విప్పుతూ, ఏది పైకి, ఏది కిందికి అని నోట్‌బుక్కులో గీసుకుంటున్నాను. ఈ పొద్దున ఒకచోట వరుస తిరగబడింది. "మామా, గిది ఎటు పోతది?" అని పైకే అడిగి, జవాబు కోసం మగ్గం వైపు తల తిప్పాను. వంటింట్లో అత్త చేతిలో గిన్నె ఆగిపోయింది.

దండం మామా. నేను పద్నాలుగో పోగు దగ్గర ఉన్నాను.