ఎత్వం పోయిన గెడ్డ

మా ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. గోదావరి అవతలి నుంచి వచ్చినవారికి ఆ మాట అచ్చుతప్పులా కనిపిస్తుంది. రెండువేల పదిహేను ప్రాంతంలో మా మండలంలో భూమి రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, అలా వచ్చిన ఒక శ్రద్ధావంతుడు మా మేనత్త పొలం పక్కనున్న ‘గెడ్డ పోరంబోకు’లో ఎత్వం తీసేసి ‘గడ్డ పోరంబోకు’ అని సరిదిద్దాడు. తప్పు చేసినవాడితో వేగవచ్చు గాని, లేని తప్పు దిద్దినవాడితో వేగడం కష్టం.

గడ్డ అంటే మెరక నేల. మెరకగా, ఖాళీగా, ప్రభుత్వానిదై ఉన్న చోటు కోసమే అప్పుడు పంచాయతీ వెతుకుతోంది. ఊరి చెత్తను ఎరువుగా మార్చే షెడ్డు కట్టాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి స్థలం లేదు. నేల మీద మాత్రం అది మా అత్త ఎనభై ఆరు సెంట్ల వరిచేనుకు నీరిచ్చే ఒకే ఒక్క వాగు. అక్కడ మట్టి పోసి మెరక చేస్తే ఆ చేను బీడవుతుంది.

అత్త విజయనగరంలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

“ఒరే, నువ్వు ఇంజనీరువి గదా. గెడ్డలో సెత్త షెడ్డు కడతారట. వానొస్తే సెత్తా షెడ్డూ కలిపి సముద్రంలోకే పోతాయి. అదేటి పథకం రా?”

మర్నాడు ఇద్దరం మండల కార్యాలయానికి వెళ్ళాం. గుమాస్తా తెర చూసి, “వాగు లేదండి, గడ్డ ఉంది” అన్నాడు. గెడ్డంటే వాగేనని చెప్పాను.

“అది మీరు మాట్లాడే భాషండి. రికార్డు భాష వేరు. వాగని రుజువు చేయండి.”

దరఖాస్తు పెట్టాం. తహసీల్దారు తనిఖీకి వచ్చారు, అదీ మే నెలలో. మేలో మా గెడ్డలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. సర్వేయరును వెంటబెట్టుకుని ఆయన వాగు నడుమకు నడిచి వెళ్ళి నిలబడ్డారు. బూట్లు తడవలేదు.

“నీళ్ళేవమ్మా?”

“ఇప్పుడేటి సూపిస్తాను బాబూ. శ్రావణంలో రండి, ఇక్కడే నిలబడండి. ఈత వస్తాది కదా మీకు?”

సంభాషణ దారి తప్పుతోందని నేను కలగజేసుకున్నాను. ముందురోజే లెవెలింగ్ పరికరంతో కొలిచాను. ఎగువ సర్వే రాయికీ దిగువ సర్వే రాయికీ మధ్య మట్టం తేడా అరవై రెండు సెంటీమీటర్లు. అడుగుమట్టం నుంచి గట్ల ఎత్తు, ఇసుక రేణువుల పరిమాణం కూడా వివరించాను. సర్వేయరు ఆవులించాడు.

అత్త నా సంచిలోంచి పాత సర్వే పటం నకలు లాగింది. అందులో రెండు వంకర గీతలు, వాటి నడుమ చిన్న బాణం గుర్తు. దాని మీద వేలు పెట్టి సర్వేయరును అడిగింది.

“ఇదేటి నాయనా?”

“నీరు పారే దిక్కమ్మా.”

“మరి మీరు గడ్డంటన్నారు గదా. మీ గడ్డ ఎటు నడుస్తాది?”

సర్వేయరు తాడిచెట్ల వైపు చూశాడు. తహసీల్దారు కళ్ళజోడు తీసి, అవసరానికి మించి తుడుచుకున్నారు. తర్వాత సర్వేయరు వీపునే బల్లగా చేసుకుని, దిద్దుబాటుకు ఆమోదం రాసి సంతకం చేశారు. నా అరవై రెండు సెంటీమీటర్ల ప్రస్తావన అందులో లేదు. షెడ్డు ఊరి అవతల, నిజంగానే గడ్డ అయిన చోటుకు మారింది.

శ్రావణంలో సవరించిన నకలు చేతికొచ్చింది. ఎత్వం తిరిగొచ్చింది, కాని ఒంటరిగా రాలేదు, సున్నాను తోడు తెచ్చుకుంది. ఇప్పుడు రికార్డు ప్రకారం అది ‘గెడ్డం పోరంబోకు’. ప్రభుత్వ భూముల వర్గీకరణలో గడ్డాలూ మీసాలూ లేవని నాకు కచ్చితంగా తెలుసు. ఆ సాయంత్రమే రెండో దరఖాస్తు రాసి, సంతకానికి చేను దగ్గరికి తీసుకెళ్ళాను. గెడ్డ నిండుగా పారుతోంది. అత్త చేలో మోకాలి లోతు బురదలో నాట్లు వేయిస్తోంది. విషయం విని నడుం నిటారు చేసింది.

“గెడ్డం మీద షెడ్డు కడతానని ఎవుడైనా వస్తాడేట్రా? ఉండనీ. మళ్ళీ దిద్దితే ఏటవుద్దో ఏటో.”

ఆ దరఖాస్తు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. అందులో అచ్చుతప్పులు లేవని మూడుసార్లు సరిచూశాను.